చావుపిట్ట కాదు, చేను కాపలాదారు!

పిట్టల్ని ఆదరించటం సంతబొమ్మాళి, టెక్కలి ప్రాంతాల రైతుకు ఎవరూ వచ్చి నేర్పనక్కరలేదు. తేలినీలాపురం పేరు వినని వారు ఈ జిల్లాలో లేరు. ఏటా సెప్టెంబరు వచ్చేసరికి పెలికాన్లు, అంటే మన గూడబాతులు, పెయింటెడ్ స్టార్కులు అక్కడికి గుంపులుగా వస్తాయి. ఇళ్ల మధ్యనున్న చింతచెట్ల మీద గూళ్లు కట్టుకుంటాయి. నౌపడ తంపరలో చేపలు పట్టి పిల్లల్ని పెంచుకుంటాయి. వేసవి ముదిరే లోపల వెళ్లిపోతాయి. రెట్టల కంపూ, చేపల కంపూ నెలల తరబడి ఊరంతా ఓర్చుకుంటుంది. పిట్టలు వచ్చిన ఏడు వానలు కురుస్తాయనీ, పంట పండుతుందనీ అక్కడివాళ్ల నమ్మకం. వాటి మీద రాయి వేసినవాణ్ణి ఊరు ఊరికే వదలదు. సైబీరియా నుంచి వస్తాయని చెప్పుకుంటారు గాని, ఈ రెండు జాతులూ మన దేశంలోనూ, మన చుట్టుపక్కల దేశాల్లోనూ గూళ్లు కట్టేవే. ఎక్కడివైనా అతిథి అతిథే. ఆ మర్యాదకు మనం తల వంచాలి.

అదే ఊళ్లలో, అవే చింతచెట్ల తొర్రల్లో, ఏడాది పొడుగునా కాపురముండే పిట్ట ఇంకొకటి ఉంది. అది వలస పోదు. రైతు నిద్రపోయే వేళకు లేస్తుంది. రైతు లేచే వేళకు పడుకుంటుంది. మధ్యలో రాత్రంతా ఆ రైతు చేలోనే, ఆ రైతు కల్లంలోనే పని చేస్తుంది. కూలి అడగదు, గింజ ముట్టదు. దానికి మనం ఇచ్చే ప్రతిఫలం రాళ్లదెబ్బలు, శాపనార్థాలు, చావుపిట్ట అన్న పేరు.

ఆ పిట్ట గుడ్లగూబ. చలికాలంలో గూడబాతుల్ని ఫొటో తీయటానికి విశాఖపట్నం నుంచీ, బరంపురం నుంచీ పెద్ద పెద్ద కెమెరాలతో జనం దిగుతారు. గూబను ఫొటో తీద్దామని వచ్చేవాళ్లు తక్కువ. వచ్చినా ఊళ్లోవాళ్లు వింతగా చూస్తారు. "ఏటి బావూ, గూబకి ఫొటో తీస్తారా? మా పెళ్లికే ఫొటో నేదు!" అని ఒక ముసలి రైతు మమ్మల్ని చూసి పకపకా నవ్వాడు. నవ్వి, వెంటనే గొంతు తగ్గించి, "ఎలకల్ని తినెస్తాదని మాకూ ఎరికే. అయినా ఇంటి మీద కూకుంటే బయం గాదా? మా అయ్య సెప్పినాడు, మా అయ్యకి ఆళ్లయ్య సెప్పినాడు" అన్నాడు.

ఈ రెండు మాటల్లోనే మొత్తం సమస్య ఉంది. గూబ మేలు చేస్తుందని రైతుకు తెలుసు. గూబ చెడు చేస్తుందని రైతు నమ్ముతాడు. తెలిసినదానికీ నమ్మినదానికీ మధ్య ఉన్న ఈ తగువును తీర్చకపోతే నష్టపోయేది గూబ ఒక్కటే కాదు, రైతు కూడా.

నింద ఎలా పుట్టింది?

ఇంటి కప్పు మీద గూబ వాలితే కీడు, ఇంట్లోకి దూరితే ఆ ఇల్లు పాడుపెట్టాలి అన్న ఆచారం మన పల్లెల్లో ఇంకా చావలేదు. ఉన్న ఒక్క గుడిసెనూ వదిలి, గొడ్డూగోదాతో చెట్టు కిందకు పోయి, శాంతి చేయించటానికి అప్పు చేసిన పేద కుటుంబాలు లేకపోలేదు. గూబ చేసిన కీడేమీ లేకపోయినా, గూబ పేరు చెప్పి చేసుకున్న ఖర్చు మాత్రం నిజమైన కీడే.

అసలు గూబ ఇంట్లోకి ఎందుకు వస్తుంది? ఎలుక కోసం వస్తుంది. ధాన్యం ఉన్న ఇంట్లో ఎలుక ఉంటుంది, ఎలుక ఉన్నచోటికి గూబ వస్తుంది. పాత పెంకుటింటి అటక, వాడకంలో లేని గిడ్డంగి, గుడి గోపురం, పాడుబడిన బంగళా దానికి కొండగుహతో సమానం. చీకటి, నిశ్శబ్దం, పైన కప్పు, దగ్గర్లో తిండి ఉంటే చాలు. మనుషులకు పాడైపోయిన చోటే గూబకు కాపురం కుదురుతుంది. మనవాళ్లు ఈ లెక్కను తలకిందులు చేశారు. పాడుబడ్డచోట గూబ చేరిందనటానికి బదులు, గూబ చేరింది గనక పాడుబడిందన్నారు.

చావు మాట కూడా ఇలాంటిదే. ఇంట్లో మనిషి మంచాన పడితే రాత్రంతా దీపం ఆర్పరు. దీపానికి పురుగులు చేరతాయి. పురుగుల కోసం చిన్న గూబ వస్తుంది, కూస్తుంది. మామూలు రాత్రుల్లోనూ అది కూస్తూనే ఉంటుంది, కాని అప్పుడు అందరూ నిద్రలో ఉంటారు. మంచం పక్కన మేలుకుని కూర్చున్న రాత్రే ఆ కూత చెవిన పడుతుంది. తెల్లారి ఏమైనా జరిగితే పాపం పిట్టది. వైద్యుడు అందకపోవటం, ఆసుపత్రికి బండి దొరకకపోవటం ఎవరికీ గుర్తుకు రావు. చావుకు అసలు కారణం వెతకకుండా నోరులేని ప్రాణి మీదికి నెట్టేసే ఈ ఆలోచనే, మన ఉత్తరాంధ్ర ఏజెన్సీలో చిల్లంగి పేరిట నిస్సహాయులైన మనుషుల మీదికి కూడా పోతోంది. పిట్టకు రాయి వేసే చెయ్యి, మనిషి మీదికి లేచే చెయ్యి ఒక అజ్ఞానం నుంచి పుట్టినవే.

ఈ నమ్మకం ఎంత పాతదో ఒక ఉదాహరణ చూడండి. జెర్డన్ అనే బ్రిటిష్ వైద్యుడు ఉద్యోగంలో చేరిన కొత్తలో గంజాం జిల్లాలో పనిచేశాడు. ఈ టెక్కలి, పలాస ప్రాంతమంతా అప్పట్లో ఆ జిల్లాలోదే. ఆయన తర్వాత కొన్నాళ్లు నెల్లూరులో సివిల్ సర్జనుగా ఉన్నాడు. భారతదేశ పక్షుల మీద 1862 నుంచి ఆయన వెలువరించిన గ్రంథంలో తెల్లగూబకు తెలుగు పేరు చావుపిట్ట అనే రాసుకున్నాడు. అంటే నూట అరవై ఏళ్ల కిందటే ఈ నింద స్థిరపడి ఉంది.

కాని, అన్నిచోట్లా ఇలా లేదు. వంగదేశంలో ఇదే తెల్లగూబను లక్ష్మీదేవి వాహనమంటారు. ధాన్యపుకొట్టులో అది కాపురం పెడితే సంతోషిస్తారు. ధాన్యాన్ని కాపాడే పిట్ట, ధాన్యలక్ష్మికి వాహనం. దేవతను నమ్మినా నమ్మకపోయినా, ఆ ఊహలో రైతు అనుభవం దాగి ఉంది. ఒకే పిట్ట అక్కడ లక్ష్మి, ఇక్కడ జ్యేష్ఠ ఎలా అవుతుంది? శకునం పిట్టలో లేదు, చూసేవాడి కంట్లో ఉంది.

మన గూబలు ఎన్ని?

గూబ అంటే ఒకటే జాతి కాదు. మన దేశంలో ముప్ఫైకి పైగా జాతులున్నాయి. మన కోస్తా పల్లెల్లో తరచు కనిపించేవి రెండు.

ఒకటి పైడికంటి. జానెడు పిట్ట. బూడిద రంగు ఒంటి మీద తెల్లచుక్కలు, బంగారు రంగు కళ్లు. ఆ కళ్లను బట్టే పైడికంటి అన్న చక్కని పేరు వచ్చింది. చింత, మామిడి, పనస చెట్ల తొర్రల్లో జంటగానో, ముగ్గురు నలుగురుగానో ఉంటుంది. మసక చీకటి పడకముందే తొర్ర అంచుకు వచ్చి కూర్చుంటుంది. మనం చూస్తే అదీ మనల్ని చూసి, తల పైకీ కిందికీ ఆడిస్తుంది. కిచకిచమని గోల చేస్తుంది. పేడపురుగులు, మిడతలు, రెక్కల పురుగులు, చిట్టెలుకలు దీని తిండి.

రెండోది తెల్లగూబ. మూరెడు లోపు ఉంటుంది. హృదయం ఆకారంలో తెల్లని ముఖం, నల్లని కళ్లు, వీపు మీద పసుపు కలిసిన బూడిద రంగు, తెల్లని పొట్ట. కూయదు, గొంతు చించుకుని అరుస్తుంది. చీకట్లో తెల్లగా, చప్పుడు లేకుండా తల మీదుగా పోతుంటే ఎరగనివాడికి గుండె జారటంలో వింత లేదు. దయ్యం కథలు సగం దీని పుణ్యమే అయుంటాయి. ఎలుకల పాలిట అసలు యముడు ఇదే.

ఇవి కాక, నీళ్ల పక్కన పెద్ద చెట్లున్నచోట చేపలూ పీతలూ పట్టే పెద్ద గూబ, కొండలూ గండ్లూ ఉన్నచోట చెవుల్లాంటి ఈకలున్న కొండగూబ, పాత తోపుల్లో మానుగూబ ఉంటాయి. తంపర, తోట, కొండ మూడూ ఉన్న మన సీమ వీటికి అనువైన నేల.

రాత్రికూలి పనితనం

మన భాషలో గూబ అంటే పిట్టా, చెవి మొదలూ రెండూ. చెంపదెబ్బ పడితే గూబ గుయ్యిమంది అంటాం. ఈ పోలిక ఎలా వచ్చినా, పిట్టకు మాత్రం అతికినట్టు సరిపోయింది. తెల్లగూబ వేట కంటితో కంటే చెవితోనే ఎక్కువ. దాని రెండు చెవులూ ఒకే ఎత్తున ఉండవు, ఒకటి కాస్త పైకి, ఒకటి కాస్త కిందికి ఉంటాయి. గడ్డిలో ఎలుక కదిలితే ఆ చప్పుడు ఒక చెవికి ముందూ, రెండో చెవికి వెంట్రుకవాసి ఆలస్యంగానూ చేరుతుంది. ఆ తేడాను బట్టి ఎలుక ఏ పక్కన ఉందో లెక్క కడుతుంది. గిన్నెలా ఉన్న ఆ ముఖం చప్పుడును పోగుచేసి చెవుల్లోకి పంపే జల్లెడ. చిమ్మచీకటి గదిలో తెల్లగూబ చప్పుడును బట్టే ఎలుకను పట్టగలదని అమెరికాలో రోజర్ పేన్ అనే శాస్త్రవేత్త ప్రయోగాలు చేసి చూపాడు.

గూబ కళ్లు గుంటల్లో తిరగవు. అందుకే తలనే తిప్పుతుంది. మన మెడలో ఎముకలు ఏడు, గూబ మెడలో పద్నాలుగు. తలను ఒక పక్కకు ముప్పావు చుట్టు దాకా తిప్పగలదు. రెక్కల ఈకల అంచున దువ్వెన పళ్లలాంటి కుచ్చు ఉంటుంది. అది గాలిని ముక్కలు చేసి చప్పుడు రానీయదు. ఎలుకకు తన మీద పడేదాకా తెలియదు.

తెల్లగూబ నాలుగు నుంచి ఏడు దాకా గుడ్లు పెడుతుంది. ఒక్కసారే కాదు, రెండేసి రోజుల ఎడంగా పెడుతుంది. అందుకే గూట్లో పిల్లలు మెట్లుమెట్లుగా ఉంటాయి. నెల రోజులకు గుడ్డు పగులుతుంది, ఇంకో రెండు నెలలకు పిల్ల ఎగురుతుంది. పెద్ద గూబ ఒక్కదానికే రాత్రికి రెండు మూడు ఎలుకలు కావాలి. పిల్లలున్నప్పుడు తల్లీతండ్రీ రాత్రంతా గూటికీ చేనుకూ మధ్య తిరుగుతూనే ఉంటాయి. అవి రెండూ ఆ ఏడాదిలో పట్టే ఎలుకల్ని వందల్లో లెక్కించాలి.

దీనికి మా మాటే నమ్మనక్కరలేదు. ఎవరి ఊళ్లో వారు లెక్క తేల్చుకోవచ్చు. గూబ ఎలుకను ముక్కలు చేసి తినదు, చాలాసార్లు గుటుక్కున మింగేస్తుంది. అరగని ఎముకలూ వెంట్రుకలూ ఉండగా చుట్టి రోజుకు ఒకటో రెండో నోటితో కక్కేస్తుంది. బొటనవేలంత పొడవున్న ఆ నల్లటి ఉండలు గూబ ఉండే చెట్టు కిందా, పాడుగోడ కిందా దొరుకుతాయి. ఒక ఉండను నీళ్లలో నానబెట్టి పుల్లతో విడదీస్తే ఎలుక పుర్రెలు, దవడలు, పసుపుపచ్చని కొరుకుడు పళ్లు బయటపడతాయి. పుర్రెలు లెక్కపెడితే ఎన్ని ఎలుకల్ని తిన్నదీ తేలుతుంది. చేతులకు తొడుగో, కవరో వేసుకుని, పని అయ్యాక సబ్బుతో కడుక్కుంటే చాలు. ఏ బడి పంతులైనా పిల్లల చేత చేయించగలిగిన పాఠమిది. ఒక్క పాఠంతో ఊరి బుర్రలో పాతుకున్న చావుపిట్ట ఎగిరిపోతుంది.

ఎలుక, మందు, గూబ

ఎలుక నష్టం రైతుకు కొత్తగా చెప్పేదేముంది? వంశధార ఎడమకాలువ నీళ్లు ఆలస్యంగానో, అరకొరగానో చేరే చివరి ఆయకట్టు మనది. తిప్పలుపడి నాటిన వరి పొట్టకు వచ్చే సరికి గట్టు బొరియల్లోంచి ఎలుకలు దిగుతాయి. దుబ్బును మొదట్లో కొరికేస్తాయి. తినేది పిడికెడు, పడగొట్టేది గంపెడు. పంట చేతికొచ్చే వేళకు కంకుల్ని బొరియల్లోకి మోసుకుపోతాయి. కొబ్బరితోటలోనైతే చెట్టెక్కి లేతకాయలకు కన్నం పెడతాయి. చూడి మూడు వారాలే, ఈతకు ఆరేడు పిల్లలు. ఏడాదిలో ఎన్ని ఈతలో చూసుకుంటే పందికొక్కుల సంతతి అప్పు మీద వడ్డీలా పెరుగుతుంది.

దీనికి మనకు అమ్మే మందులు రెండు రకాలు. జింకు ఫాస్ఫైడు తిన్న ఎలుక గంటల్లో చస్తుంది. బ్రోమోడయోలిన్ తిన్న ఎలుక వెంటనే చావదు. ఒంట్లో నెత్తురు గడ్డకట్టే గుణం పోయి, కొన్ని రోజులు మత్తుగా తిరిగి చస్తుంది. ఆ కొన్ని రోజులే గూబకు గండం. తడబడుతూ తిరిగే ఎలుక గూబకు తేలిగ్గా దొరుకుతుంది. ఒకదాని వెనుక ఒకటి అలాంటి ఎలుకల్ని తిన్న గూబ ఒంట్లోనూ ఆ మందు పేరుకుంటుంది. గూట్లో పిల్లల నోటికీ అదే అందుతుంది. ఎలుక సంతతి నెలల్లో తిరిగి నిండుతుంది, గూబ సంతతి అంత త్వరగా నిండదు. మరుసటి పంటకు ఎలుకలు ఎక్కువ, కాపలా తక్కువ. మళ్లీ మందు కొనాలి. కాపలాదారుణ్ణి చంపి కాపలాకు డబ్బు పోయటం ఏ కమతానికి లాభం?

తేలినీలాపురంలో 2021 డిసెంబరు నాటికి పరాన్నజీవి పురుగుల బెడద వల్ల వందకు పైగా పెలికాన్లు చనిపోతే పత్రికలు రాశాయి, అధికారులు వచ్చారు, పరీక్షలు జరిగాయి. జరగవలసిందే. కాని చేలగట్టు మీద మందుకు చచ్చి పడిన గూబ గురించి రాసేదెవరు? దాన్ని చూసినవాడు పీడ వదిలిందనుకుని కాలితో పక్కకు తోసేస్తాడు.

మందే వాడొద్దని మేము అనటం లేదు. ఎలుకల పీడ మితిమీరినప్పుడు గూబ ఒక్కటే దాన్ని తీర్చలేదు. కాని వాడే పద్ధతి ఉంది. ఒక్క రైతు వాడితే పక్క చేలో ఎలుకలు వచ్చి చేరతాయి, అందుకని గ్రామమంతా ఒకే రోజుల్లో, పొట్టదశకు ముందే పూనుకోవాలి. మొదట బొరియలన్నీ మూసి, మర్నాడు తెరుచుకున్న బొరియల్లోనే మందు పెట్టాలి. గట్ల మీద చల్లకూడదు. వారం పది రోజులు రోజూ తిరిగి చచ్చిన ఎలుకల్ని ఏరి లోతుగా పాతిపెట్టాలి. గట్లు సన్నగా ఉంచి, కలుపు తీసి, బొరియలు తవ్వించటం ముందు, మందు తర్వాత.

తొర్ర లేని ఊరు

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన సంగతి ఉద్దానం మరిచిపోదు. కొబ్బరి, జీడి, పనస, మామిడి వేళ్లతో సహా పడిపోయాయి. తరాల సంపాదన ఒక్క రాత్రిలో పోయింది. పరిహారం లెక్కల్లో కొబ్బరిచెట్టుకింత, జీడి తోటకింత అని రాశారు. పడిపోయిన పాతచెట్ల తొర్రల్లో పోయిన కాపురాల లెక్క ఎవరూ రాయలేదు, అది రాసే గడి ఏ ఫారంలోనూ ఉండదు.

తొర్ర ఒక్క ఏడాదిలో తయారయ్యేది కాదు. కొమ్మ విరిగి, వాన దిగి, చేవ కుళ్లి, వడ్రంగిపిట్ట తొలిచి, దశాబ్దాలకు తొర్ర అవుతుంది. కొత్తగా నాటిన జీడిమొక్కలో గూబ ఉండలేదు. పెంకుటిళ్లు పోయి శ్లాబు ఇళ్లు వచ్చాయి, అటకలు పోయాయి. రోడ్లు వెడల్పు చేసినప్పుడల్లా ముందు పోయేది దారి పక్క చింతలూ మర్రులే. రాత్రిపూట తక్కువ ఎత్తులో ఎగిరే తెల్లగూబలు రోడ్డు మీద లారీల కింద పడి చస్తాయి. కాకరాపల్లి తంపరలో థర్మల్ కేంద్రం వద్దని నిలబడిన జనం మీద 2011 ఫిబ్రవరి 28న పోలీసులు కాల్పులు జరిపితే ఇద్దరు ప్రాణాలు కోల్పోయారు. తంపర అంటే బంజరు కాదు, చేపకూ, గొడ్డుకూ, పిట్టకూ, వాటి మీద బతికే మనిషికీ అది ఆధారమని ఆ జనం నెత్తురుతో చెప్పారు. 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగిన మూలపేట ఓడరేవు వెంట దారులూ, గోదాములూ, దీపాలూ వస్తాయి. వచ్చేవి రానీయండి. కాని ఏ చెట్టు నరకాలో గీత గీసే ముందు ఆ చెట్టులో ఎవరున్నారో ఒకసారి తలెత్తి చూడాలి.

ఫొటో ఎందుకు, ఎలా?

గూబను ఫొటో తీయటం డబ్బున్నవాళ్ల సరదా అని కొందరు మిత్రులు అనవచ్చు. మేము అలా అనుకోవటం లేదు. చీకట్లో జరిగే మేలుకు సాక్ష్యం ఉండదు. ఫొటో ఆ సాక్ష్యం. గూబ ముక్కున ఎలుక వేలాడుతున్న ఒక్క బొమ్మను పంచాయతీ గోడకు అంటిస్తే, వంద ఉపన్యాసాల పని చేస్తుంది.

ఇంగ్లండులో ఎరిక్ హాస్కింగ్ అనే ఫొటోగ్రాఫరు ఉండేవాడు. 1937లో ఒక గూబ గూటి దగ్గరకు పోయినప్పుడు ఆ గూబ గోళ్లతో కొట్టి అతని ఎడమకన్ను పోగొట్టింది. పిల్లల్ని కాపాడుకునే తల్లి తప్పేముంది? ఆయన ద్వేషం పెట్టుకోలేదు. జీవితమంతా గూబల్నే ఎక్కువ ప్రేమించి, రాత్రిపూట పిట్టల్ని ఫొటో తీసే పద్ధతులు తీర్చిదిద్దాడు. 1948లో రెక్కలు చాచి, పట్టిన ఎలుకతో వస్తున్న తెల్లగూబను ఆయన తీసిన ఫొటో ప్రపంచమంతా తిరిగింది.

ఫొటో అబద్ధం లేకుండా ఉండాలన్నదానికి మన దేశపు కథే ఉంది. అడవి పైడికంటి అనే చిన్న గూబ మన జిల్లాకు వాయవ్యంగా ఉన్న ఖరియార్, ఫుల్‌ఝర్ సీమల్లో, అంటే ఇప్పటి ఒడిశా, ఛత్తీస్‌గఢ్ అడవుల్లో, 1870లలో దొరికింది. 1884 తర్వాత ఎవరికీ కనపడలేదు. మైనెర్ట్స్‌హాగన్ అనే బ్రిటిష్ సైనికాధికారి 1914లో గుజరాత్‌లో తనకు దొరికిందని రాసుకున్నాడు. అది మ్యూజియం నుంచి దొంగిలించిన పాత పిట్టకు తప్పుడు చిరునామా అతికించిన మోసమని తర్వాత తేలింది. పమేలా రాస్‌ముస్సెన్ అనే శాస్త్రవేత్త ఆ దొంగ చిరునామాను పక్కన పెట్టి, నిజమైన చిరునామాలు పట్టుకుని వెతికి, 1997 నవంబరులో మహారాష్ట్రలోని షహాదా దగ్గర ఆ గూబను సహచరులతో కలిసి కనుగొన్నది. 113 ఏళ్లకు పట్టపగలు కొమ్మ మీద కూర్చున్న దాన్ని ఫొటో తీశారు. ఒక పెద్దమనిషి అబద్ధం అందరి కళ్లనూ తప్పుదారి పట్టిస్తే, ఒక నిజమైన ఫొటో చచ్చిందనుకున్న జాతిని బతికించింది.

మన కుర్రాళ్ల చేతుల్లో ఇప్పుడు కెమెరాలున్నాయి, కనీసం కెమెరా ఉన్న ఫోన్లున్నాయి. వారికి మా మాటలు కొన్ని.

గూబను వెతకటానికి రాత్రి లైట్లు వేసుకుని తిరగనక్కరలేదు. చెట్టు మొదట్లో తెల్లని రెట్టచారలూ, ఎముకల ఉండలూ ఆనవాళ్లు. కాకులూ, గోరువంకలూ ఒక కొమ్మ చుట్టూ చేరి గోల చేస్తుంటే ఆ మధ్యలో గూబ ఉంటుంది. దీపాలు పెట్టే వేళకు అరగంట ముందు చెట్టుకు దూరంగా, కదలకుండా కూర్చోండి. పైడికంటి తానే బయటికి వస్తుంది. ఆ వెలుగు చాలు. మనల్నే రెప్పవేయకుండా చూస్తూ ఒళ్లు సన్నగా బిగించిందంటే మనం మరీ దగ్గరకు పోయామని అర్థం. వెనక్కి రావాలి.

చీకటికి అలవాటైన కంట్లోకి టార్చి వేస్తే, ఫ్లాష్ మీద ఫ్లాష్ కొడితే దానికి కాసేపు కళ్లు బైర్లు కమ్ముతాయి. ఆ రాత్రి వేట పాడవుతుంది. ఫోనులో గూబ కూతలు వినిపించి పిలవకండి, పరాయి గూబ వచ్చిందనుకుని గూడు వదిలి పోట్లాటకు వస్తుంది. ఎలుకను దారానికి కట్టి ఎర చూపకండి. పగలు రాయి విసిరి లేపకండి, కాకులు దాన్ని పొడిచి చంపుతాయి. గుడ్లూ పిల్లలూ ఉన్న తొర్ర దగ్గరకు అసలు పోకండి.

ఇంకొక్క మాట. ఫొటో కింద ఊరి పేరు రాయండి, తేదీ రాయండి, చెట్టు ఎక్కడుందో రాయకండి. 2010లో ట్రాఫిక్ ఇండియా సంస్థ గూబల వ్యాపారం మీద వెలువరించిన నివేదిక ప్రకారం, మన దేశంలోని గూబల్లో 15 జాతుల్ని పట్టి అమ్ముతున్నారు. చేతబడి, క్షుద్రపూజల పేరుతో దీపావళి ముందు ఈ బేరం పెరుగుతుంది. కొత్త ధనవంతుడు ఇంకా ధనం కావాలని గూబ మెడ కోయిస్తాడు, మన రైతు కీడు పోవాలని గూబను కొడతాడు. రెండు వైపులా చచ్చేది గూబే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం గూబను పట్టినా, చంపినా, అమ్మినా నేరమని, జైలు తప్పదని ఊరూరా చాటాలి.

ఊరు చేయగలిగింది, సర్కారు చేయవలసింది

గూబను రైతు నేస్తంగా చేసుకున్న దేశాలు ఉన్నాయి. మలేసియాలో పామాయిల్ తోటల్లో అయిదు పది హెక్టార్లకు ఒక గూటిపెట్టె చొప్పున నిలబెట్టి తెల్లగూబల్ని పెంచుకున్నారు. ఇజ్రాయెల్‌లో 1983లో ఒక సామూహిక వ్యవసాయక్షేత్రంలో గూటిపెట్టెలు మొదలయ్యాయి. 2002 నుంచి జోర్డాన్ రైతులు, ఆ తర్వాత పాలస్తీనా రైతులు కూడా ఆ పని అందుకున్నారు. తుపాకుల మధ్య కూడా రైతు కష్టం ఒకటేనని గూబ చూపించింది.

అయితే లేనిచోటికి గూబను తెచ్చి వదలటం వేరే సంగతి. సీషెల్స్ దీవుల్లో ఎలుకల కోసమని 1949 తర్వాత ఆఫ్రికా నుంచి తెల్లగూబల్ని తెచ్చి వదిలితే, అవి ఎలుకల్ని మాని అక్కడి తెల్ల సముద్రపు పిట్టల్ని తినటం మొదలుపెట్టాయి. చివరికి గూబను చంపితే బహుమానం ఇవ్వవలసి వచ్చింది. మనకు ఆ ఇబ్బంది లేదు. మన గూబ మన నేలదే. తేనక్కరలేదు, ఉన్నదాన్ని ఉండనిస్తే చాలు.

దానికి పెద్ద ఖర్చు కూడా లేదు. నేల రెండడుగులకు అడుగున్నర, ఎత్తు రెండుంబావు అడుగులు ఉండేలా పాతచెక్కలతో పెట్టె కొట్టించి, పిల్లలు జారి పడకుండా లోపలి నేలకు అడుగున్నర ఎత్తున ఆరంగుళాల చదరపు ద్వారం పెట్టి, పన్నెండడుగులకు తగ్గని ఎత్తులో పెద్దచెట్టుకో, గిడ్డంగి గోడకో కట్టాలి. చేలో మనిషి కంటే ఎత్తుగా అడ్డకర్ర కట్టిన కొయ్యలు నాలుగు పాతితే రాత్రి గూబ వాటి మీద కూర్చుని వేటాడుతుంది. గింజ గట్టిపడే వేళ పగటి పిట్టలు బాధపెడితే ఆ కొయ్యలు తీసేయవచ్చు.

ప్రభుత్వాన్ని అడగవలసినవీ ఉన్నాయి. రైతుసేవా కేంద్రాల్లో ఎలుకమందుతో పాటు, దాన్ని వాడే పద్ధతీ, చచ్చిన ఎలుకల్ని పాతిపెట్టాలన్న హెచ్చరికా తెలుగులో, పెద్ద అక్షరాల్లో ఇవ్వాలి. తుపాను పునరావాసం కింద నాటే మొక్కల్లో జీడీ కొబ్బరే కాకుండా చింత, మర్రి, ఇప్ప కూడా ఉండాలి. పెద్ద తొర్రచెట్లను పంచాయతీలు లెక్క రాసి కాపాడాలి. తేలినీలాపురం పక్షుల కేంద్రానికి వచ్చే బడిపిల్లలకు అక్కడ గూబ బొమ్మ కూడా చూపించి, దాని కథ చెప్పాలి.

గూడబాతుల్ని ఇంటి బిడ్డల్లా చూసుకున్న ఊళ్లకు ఇది చేతకాని పని కాదు. వానలు తెస్తాయన్న నమ్మకంతో ఒక పిట్టను కాపాడాం. పంట నిలబెడుతుందన్న నిజంతో ఇంకో పిట్టను కాపాడుకోలేమా? ఈ రాత్రి మీ చింతచెట్టు మీద గూబ కూస్తే, రాయి కోసం వెతక్కండి. కల్లంలో ధాన్యం ఉందా లేదా చూసుకోండి. ఉంటే, కాపలాదారు డ్యూటీ ఎక్కాడని నిశ్చింతగా పడుకోండి.